రాత్రిపూట రాసుకునే మందు

దమ్మపేటలో మా గాజుల దుకాణానికి మూడు గోడలకూ అద్దాలుండేవి. గాజులు వేయించుకున్న ఆడవాళ్లు చేతులు చూసుకుంటారని మా నాన్న జానీ మియా ముచ్చటపడి పెట్టించాడు. వాళ్లు చేతులు చూసుకున్న పాపాన పోలేదు. అందరూ ముఖాలే చూసుకునేవాళ్లు. చూసుకుని, బుగ్గ మీద వేలితో రుద్దుకుని, ఎండను ఓసారి తిట్టి, స్నో డబ్బాల వైపు తిరిగేవాళ్లు. పేరుకు గాజుల దుకాణమే గానీ మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ డబ్బాల వల్లే.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. పదో తరగతి దాకా చదివాను కాబట్టి డబ్బాల మీద ఇంగ్లీషులో ఏం రాసుందో కూడబలుక్కుని చెప్పగలిగేదాన్ని. ఆ మాత్రం చదువుకే పెద్ద డాక్టరమ్మనైపోయినట్టు గల్లా పక్కన నిలబడేదాన్ని. ఎవరికి ఏది పడుతుందో ముఖం చూసి చెప్పేస్తానని నాకో పొగరు. ఎనభై ఐదో సంవత్సరం ఎండాకాలంలో ఆ పొగరు దిగింది. అప్పటి భారతమ్మ పెద్దమ్మ కంటే ఇప్పుడు నాకే వయసు ఎక్కువ. అయినా ఆ ఎండాకాలాన్ని తలుచుకుంటే అన్నీ మధ్యాహ్నం కునుకులో కలగన్నట్టే కనిపిస్తాయి. మిరప కల్లం ఎరుపు, అద్దాల్లో కదిలిపోయే బస్సులు, నల్ల గొడుగు, వాటన్నిటి చుట్టూ ఒక తెల్లటి వెలుగు. ఏది ముందో ఏది వెనకో ఒక్కోసారి తడుముకోవాలి.

భారతమ్మ పెద్దమ్మ మార్చి నెల చివర్లో వచ్చింది. ఊరి బయట, అడవి మొదలయ్యే చోట వాళ్లకు మిరప చేను ఉండేది. ఆమె భర్త వెంకటప్పయ్య మా నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన పసివాడిగా ఉండగానే తండ్రి పోతే, తల్లి ఆయన్ని చంకనేసుకుని కృష్ణా జిల్లా నుంచి బండి కట్టుకుని వచ్చి, పొదలు కొట్టి, తన రెక్కలతోనే ఆ చేను చేసిందట. ఆ తల్లి పోయి ఇరవై ఏళ్లు దాటింది. వెంకటప్పయ్యకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి ఎనిమిదేళ్లు. మొదట మసక, తర్వాత వెలుగూ నీడా తప్ప ఏమీ లేదు. ఆపరేషన్ అంటే ఆయనకు చచ్చేంత భయం. ఎవరికో ఉన్న కన్ను కూడా పోయిందని విని, ఎవరెంత చెప్పినా మంచం దిగలేదు. ఆ ఎనిమిదేళ్లూ దుక్కి నుంచి కల్లం దాకా చేను పని మొత్తం భారతమ్మ పెద్దమ్మ మీదే పడింది.

అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం మా దుకాణంలోకి వచ్చి, గాజులు అడక్కుండా, ఎవరినీ పలకరించకుండా అద్దం ముందు నిలబడింది. నేను ఆమెను వందసార్లు చూసి ఉంటాను గానీ ఆమె తనను తాను చూసుకుంటుండగా చూడటం అదే మొదటిసారి. బుగ్గలు రెండింటి మీదా, నుదుటి మీదా, ముక్కు దూలం మీదా మంగు కమ్మేసింది. కళ్ల కొసల్లో ముడతలు చెంపల దాకా పాకాయి. మెడ దిగువన, రవిక అంచు దగ్గర మాత్రం మేని పసుపు రంగు అలాగే ఉంది. ఆ రెండు రంగులూ ఒకే మనిషివంటే నమ్మబుద్ధి కాదు.

సంగతి ఆమె మెల్లగా చెప్పింది. కల్లూరులో ఉన్న కూతురు వచ్చి, ఏడ్చి మొత్తుకుని, తండ్రిని ఖమ్మంలో కంటి ఆపరేషన్ల క్యాంపుకు తీసుకెళ్లింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఇంట్లో ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని పడుకున్నాడు. ఇంకో నెలన్నరకు కొలత తీసి కళ్లద్దాలు పంపిస్తారు. అవి పెట్టుకుంటే చీమ కూడా కనబడుతుందని డాక్టరు చెప్పాడట. ఊరంతా సంబరపడుతోంది. సంబరపడలేనిది ఆమె ఒక్కతే.

ఎందుకో నాకు తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. వెంకటప్పయ్య చూపు పోయిన నాటి నుంచి అరుగు మీద కూర్చుని, పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఆపి తన భార్య ముఖం గురించి చెప్పేవాడు. పెళ్లినాడు పందిట్లో ఆమె ముఖం చూసి పురోహితుడు మంత్రం మరిచిపోయాడనీ, ఇప్పటికీ పసుపు రాసుకుని నిలబడితే గడపకు వేరే పసుపు అక్కర్లేదనీ చెప్పేవాడు. వినేవాళ్లు అవునవునని తల ఊపేవాళ్లు. ఆయనకు కనబడదని తెలిసీ తల ఊపేవాళ్లు. ఎనిమిదేళ్లలో ఒక్కరంటే ఒక్కరు నిజం చెప్పలేదు.

"ఆయన కండ్లల్ల ఇంకొకామె ఉన్నది బిడ్డా," అంది పెద్దమ్మ, అద్దంలోంచే నన్ను చూస్తూ. "నున్నటి మొఖం. ఎనిమిదేండ్ల సంది ఆయన ఆమెతోటే కాపురం చేస్తుండు. అద్దాలు వచ్చే యాళ్లకు ఎట్లన్న జేసి ఆమెను తేవాలె."

నేను తెస్తానన్నాను. ఏమాత్రం తడుముకోకుండా అన్నాను.

ఆ సాయంత్రం దుకాణంలో ఉన్నవన్నీ ఆమె ముందు పరిచాను. ముంజేతి మీద వరసగా ఒక్కొక్కటీ రాసి చూపించాను. స్నో రాస్తే చెమట మీద తేలి గుమ్మడికాయ మీది బూడిదలా నిలబడింది. అది చూసి ఆమె చాలా రోజుల తర్వాత నవ్వినట్టుంది. కోల్డ్ క్రీము చలికాలం పగుళ్లకు పనికొస్తుంది గానీ ఎండాకాలం జిడ్డు. గ్లిసరిన్, పన్నీరు కలిపి రాస్తే చర్మం మెత్తబడుతుంది, రంగు మారదు. కస్తూరి పసుపు, మంచిగంధం చల్లగానే ఉంటాయి, కానీ ఎనిమిదేళ్ల ఎండను నెలన్నరలో దింపడం వాటి వల్ల కాదు. ఇదంతా నేను ఉపాధ్యాయురాలిలా వివరించి, మంగుకు వేరే మందు ఉందనీ, ట్యూబులో వస్తుందనీ, ఖమ్మంలో మందుల షాపులో దొరుకుతుందనీ తేల్చాను. అదివరకు ఒక ఆఫీసరు భార్య వాడగా చూశాను. మా నాన్న పదిహేను రోజులకోసారి సరుకు కోసం ఖమ్మం వెళ్లేవాడు. చీటీ రాసి ఆయన చేతికిచ్చాను.

ట్యూబు వచ్చింది. డబ్బాలో మడతపెట్టిన కాగితం ఉంది. కూడబలుక్కుని చదివాను. పడుకునే ముందు పలచగా రాయాలి, ఎండ తగలనీయకూడదు అని ఉంది. చాలా తేలిక సంగతి. ఆ తేలిక సంగతి చెప్పడానికే నాకు నోరు రాలేదు.

పెద్దమ్మ ట్యూబు కోసం వచ్చినప్పుడు మా నాన్న రెండు చేతుల దూరంలో కూర్చుని ఎవరికో గాజులు వేస్తున్నాడు. ఇంకా ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. పెళ్లికాని పిల్ల తండ్రి ముందు, అదీ మాలాంటి కుటుంబంలో, "పడుకునేటప్పుడు" అనే మాట పెద్ద గొంతుతో అనడమా? మొగుడికి చూపొస్తోందని మందు కొంటున్న మనిషితో? ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయింది. ఎండలో తిరగొద్దని మాత్రం చెప్పాను. మిరపకాయలు మంచం కింద ఆరబెట్టాలా అని ఆమె నవ్వింది. ఎప్పుడు రాసుకోవాలని అడిగింది. రోజుకు ఒక్కసారి, పలచగా అన్నాను. అంతే అన్నాను.

మా వైపు ముఖానికి ఏది రాసుకున్నా పొద్దున్నే. స్నానం, పసుపు, బొట్టు, ఆ తర్వాతే పొయ్యి. రాత్రిపూట ముఖానికి ఏదైనా పూసుకునే ఆడది ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్లలో లేదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసీ ఊరుకున్నాను.

మొదటి వారం అంతా బాగానే ఉందని కబురు వచ్చింది. కొంచెం చురుక్కుమంటోందట. చురుక్కుమంటే పని చేస్తున్నట్టే కదా అని ఆమె ఇంకాస్త మందంగా రాసింది. ఈలోగా వెంకటప్పయ్య కంటి గుడ్డ విప్పారు. అద్దాలు లేకుండా ఆయనకు రూపాలు తెలియవు గానీ రంగులు తెలుస్తున్నాయట. పచ్చ చీర కట్టావు కదా, ఇవాళ నీలం చీర కట్టావు కదా అని పిల్లవాడిలా రోజూ చెప్పి మురిసిపోతున్నాడట. ఆయన ఒక్కో రంగు చెప్పినప్పుడల్లా పెద్దమ్మ గుండె ఒక్కో మెట్టు దిగింది. మందు ఇంకొంచెం మందంగా రాసింది.

ఆదివారం సంత రోజు జంపక్క మా దుకాణానికి వచ్చింది. జంపక్క వాగు అవతల కోయగూడెం మనిషి, భారతమ్మ పెద్దమ్మ చేలో మిరపకాయలు ఏరేది. పూసల కోసం వచ్చినప్పుడల్లా నాతో గంటసేపు బేరమాడి, చివరికి నేను చెప్పిన ధరకే తీసుకుని, ఓడిపోయింది నేనే అన్నట్టు వెళ్లేది. ఆ రోజు బేరం ఆడలేదు.

"మీ మందు సల్లగుండ," అంది. "ఆ ముసలామె మొఖం కల్లంల ఆరబోసిన కాయ లెక్క అయింది. పోయి చూసిరా."

నేను తలుపు వెనక చెప్పులు కూడా వెతుక్కోకుండా బయల్దేరాను.

ఏప్రిల్ ఎండలో మిరప కల్లాన్ని చూడాలంటే కళ్లు సగం మూసుకునే చూడాలి. ఎకరం మేర ఎరుపు. దాని మీద గాలి వణుకుతూ ఉంటుంది. ఆ వణుకులో అవతలి గుడిసె, చింతచెట్టు, దాని కింద మంచం మీద కూర్చున్న వెంకటప్పయ్య, అన్నీ నీళ్లలో ఉన్నట్టు ఊగాయి. ఘాటుకు నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నేను ఏడుస్తున్నానో ఘాటుకు కారుతున్నాయో నాకే తెలియలేదు.

పెద్దమ్మ గుడిసెలో చీకట్లో కూర్చుని ఉంది. కొంగు తీసింది. బుగ్గలు ఎర్రగా ఉబ్బి, పొరలు పొరలుగా లేచి, ఒకచోట రసి కూడా కారుతోంది. నేను చూడలేక తల దించుకున్నాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. మిరప ఘాటు తగిలి ఉంటుందనీ, మందు మంచిదే అయినా చేతికి కారం ఉండగా రాసుకున్నానేమో అనీ తనకు తానే సర్దిచెప్పుకుంది. నెపమంతా మిరపకాయల మీద పెట్టేసి నేను చల్లగా జారుకోవచ్చు. ఒక నిమిషం పాటు జారుకుందామనే అనుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ నిమిషానికి నేను సిగ్గుపడతాను.

"పొద్దున్న మీ పెదనాయన నాతో ఏమన్నడో ఎరికేనా," అంది పెద్దమ్మ. "ఏందే భారతీ, మొఖమంత కుంకుమ పూసుకున్నవా, ఎర్రగ కనబడుతున్నవ్ అన్నడు. అవ్, పండుగ గదా అన్న. ఏ పండుగ అని అడుగుతడేమోనని ఉరికొచ్చి ఈడ కూసున్న."

అప్పుడు చెప్పేశాను. మందు రాత్రి రాసుకోవలసిందనీ, పొద్దున రాసుకుని ఎండలోకి వెళ్తే కాలుతుందనీ, కాగితం మీద స్పష్టంగా ఉందనీ, నేనే చెప్పలేదనీ. ఎందుకు చెప్పలేదే అని ఆమె అడిగింది. అబ్బాజాన్ పక్కనే ఉన్నాడు, పడుకునేటప్పుడు అని ఎట్లా అనను అన్నాను.

చెయ్యెత్తి కొడుతుందనుకున్నాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే కాలిన బుగ్గలు సాగి నొప్పి పుట్టి, అమ్మా అంటూ నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఏడుపైంది. బయట వెంకటప్పయ్య మంచం మీది నుంచి, ఏందే అంత నవ్వు, నాకూ చెప్పరాదా అని అడిగాడు. మేమిద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని కూర్చున్నాం.

మర్నాడు ఆమెను సత్తుపల్లి దవాఖానాకు తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ముఖం చూసి, నన్ను చూసి, ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది. అన్నీ ఆపమంది. మంటకు చల్లటి లోషన్ ఒకటి రాసిచ్చింది. పొర కట్టాక ఏదైనా శుభ్రమైన నూనె రాసుకోమంది. మంగు మందు చెడ్డది కాదనీ, చర్మం పూర్తిగా మానాక రాత్రిపూట బియ్యపు గింజంత వాడుకోవచ్చనీ, అయితే ఎండను ఆపకుండా ఎన్ని డబ్బాలు పూసినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టేననీ చెప్పింది. నేను దుకాణంలో రెండేళ్లుగా అమ్మిన సలహాలన్నీ ఆమె ఒక్క వాక్యంలో తీసి అవతల పారేసింది. మరి కల్లం ఎవరు చూస్తారని పెద్దమ్మ అడిగితే, ముఖం కావాలో కల్లం కావాలో తేల్చుకొమ్మంది.

కల్లం జంపక్క చూసింది. అప్పుడే బీడీలు చుట్టే తునికాకు కోత మొదలైంది. గూడెంలో పిల్లాజెల్లా అడవికి పోతున్నారు. ఏడాదిలో చేతికి నాలుగు రాళ్లు వచ్చే రోజులవి. జంపక్క వారం రోజులు ఆకుకు పోకుండా కల్లంలో కాయలు తిరగేసింది. ఎందుకు ఉన్నావని నేను అడిగితే, ఆకు వచ్చే ఏడు కూడా వస్తదిలే అని విసుక్కుంది. వెళ్లేటప్పుడు ముంతలో ఇప్పనూనె తెచ్చి పెట్టింది. లేచిన పొరలు ఆ నూనెకే మెత్తబడ్డాయి.

మే నెల వచ్చేసరికి కాలిన చోట కొత్త చర్మం వచ్చింది. వచ్చిందే గానీ, మంగు పోలేదు. మునుపటి కంటే చిక్కగా, అంచులు గీసినట్టు తేలింది. ఎనిమిదేళ్ల ఎండ ఒక ఎత్తు, నేనిచ్చిన పదిహేను రోజులు ఒక ఎత్తు అయింది. బస్సు ఖమ్మం నుంచి వచ్చినప్పుడల్లా నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని. కళ్లద్దాలు మా దుకాణం చిరునామాకే వస్తాయి. కండక్టరు ఎక్కడో పోగొట్టేస్తే బాగుండునని అల్లాను వేడుకున్నాను. ఒక మనిషికి చూపు రాకూడదని వేడుకున్న పాపిష్టిదాన్ని నేను.

కండక్టరు పోగొట్టలేదు. మే మూడో వారంలో ఒక మధ్యాహ్నం, చిన్న అట్టపెట్టె మా నాన్న చేతిలో పెట్టి వెళ్లాడు. మా నాన్న అప్పటికప్పుడే కబురు పంపాడు.

పెద్దమ్మ భర్త కంటే ఒక అరగంట ముందే ఒంటరిగా వచ్చేసింది. నన్ను లోపలికి లాగి, గంటసేపు నిలిచేది ఏదైనా ఉందా అని అడిగింది. ఒక్క గంట చాలంది. నేను స్నో పలచగా రాసి, దాని మీద పౌడరు అద్ది, బొట్టు దిద్దాను. దూరం నుంచి చూస్తే నిజంగానే మచ్చలు కనబడటం లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆమె అద్దంలోకి చూసింది. కుడి వైపు, ఎడమ వైపు తిరిగి చూసింది. తర్వాత కొంగుతో మొత్తం తుడిచేసుకుంది. "ఈమె ఎవరో నాకే ఎరిక లేదు," అని మాత్రం అంది.

వెంకటప్పయ్యను బండి దింపి లోపలికి నడిపించారు. ఎనిమిదేళ్ల అలవాటు కొద్దీ ఆయన చెయ్యి భార్య భుజం కోసం గాల్లో వెతికింది. ఆమె వచ్చి భుజం అందించి, ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి వెనక నిలబడింది. నేను గల్లా పక్కన కొయ్యబారి ఉన్నాను. గాజులకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూడా కదల్లేదు. మా నాన్న పెట్టె విప్పాడు. సీసా అడుగుల్లాంటి మందపాటి అద్దాలు. బిస్మిల్లా అని స్నేహితుడి చెవులకు తగిలించాడు.

అద్దాల్లో గాజులు, గాజుల్లో వెలుగు, మూడు గోడల నిండా ఎర్రవీ పచ్చవీ. నోరు తెరుచుకుని చూస్తూ ఉన్నాడు. మా నాన్న వైపు తిరిగి, జానీ, ఇంత ముసలోడివి ఎప్పుడైనవురా అన్నాడు. నీ సంగతి చూసుకో అన్నాడు మా నాన్న. వెంకటప్పయ్య ఎదురుగా ఉన్న అద్దంలోకి వంగి, తన గడ్డం తాను పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే కళ్లు కొంచెం పైకెత్తాడు. అద్దంలో, ఆయన భుజం వెనక, కొంగు తల మీదికి లాక్కున్న మనిషి ముఖం ఉంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఎంతో మెల్లగా, నిద్రలో పిలిచినట్టు పిలిచాడు.

"అమ్మా. ఎప్పుడొచ్చినవే?"

బయట బస్సు ఒకటి వెళ్లింది. అద్దాలన్నిటిలోనూ వెళ్లింది.

"అమ్మ గాదు," అంది పెద్దమ్మ. "నేనే."

ఆయన స్టూలు మీద ఇటు తిరిగాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. ఆమె దొంగతనం చేసి దొరికినట్టు నిలబడింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. కొత్త అద్దాలు కదా, చెయ్యి ఉన్నచోట అందలేదు, గాలి అందింది. రెండోసారికి దొరికింది. ఆ చేతి గాజులను మోచేతి వైపు తోశాడు. ఎనిమిదేళ్లుగా గాజుల కింద ఎండ తగలని చర్మం రెండు వేళ్ల వెడల్పున పసుపు రంగులో బయటపడింది. దాని అంచు నుంచి వేళ్ల కొసల దాకా నలుపు. ఆయన ఆ రెండు రంగులూ కలిసే గీత మీద బొటనవేలు పెట్టాడు.

"ఈడి దాక నువ్వు," అన్నాడు. వేలు కిందికి, అరచేతి వెనక వైపుకు జరిపాడు. "ఈడి సంది నా చేను."

మా నాన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను ఏడ్చేశాను. పెద్దమ్మ మాత్రం ఏడవలేదు. ఆయన వేలి వంకే చూస్తూ ఉంది, తనకే కొత్తగా చూపు వచ్చినట్టు.

తర్వాత ఆయన నా వైపు తిరిగి, దీనికి ఏమన్నా మందు ఉందా బిడ్డా అని అడిగాడు. నా ముందు మా నాన్న ఉన్నాడు, ఇద్దరు పరాయి ఆడవాళ్లు ఉన్నారు, గుమ్మంలో బండి తోలే మనిషి ఉన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఉన్నది పెదనాయనా. రాత్రి పడుకునేటప్పుడు రాసుకోవాలె. పొద్దుగాల రాస్తే కాలుతది. పగలు గొడుగు లేకుంట అడుగు బయట పెట్టొద్దు."

మా నాన్న ఒక్కసారిగా గాజుల దండలు సర్దాల్సిన పని గుర్తొచ్చినట్టు అటు తిరిగిపోయాడు. పరాయి ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. భూమి ఏమీ బద్దలు కాలేదు. నెలన్నర కింద ఈ నాలుగు మాటలూ ఇలాగే అనేసి ఉంటే ఆ ముఖం కాలేది కాదని నాకు అప్పుడు మళ్లీ మంటపుట్టింది.

ట్యూబు డబ్బా మీద తెల్లకాగితం అంటించి, పెద్ద అక్షరాలతో 'రాత్రి' అని తెలుగులో రాసిచ్చాను. వెంకటప్పయ్య దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, వెనక్కి జరిపి, మళ్లీ తెచ్చుకుని చదివాడు. ఎనిమిదేళ్ల తర్వాత ఆయన చదివిన మొదటి మాట అది. మా నాన్న వానాకాలం కోసం దాచిన సరుకులోంచి ఒక నల్ల గొడుగు తీసి స్నేహితుడి చేతిలో పెట్టాడు.

మృగశిర దాటి తొలి వానలు పడి, మళ్లీ ఎండ కాసిన రోజుల్లో ఒక పొద్దున నేను బస్సులో సత్తుపల్లి వెళ్తూ వాళ్ల చేను చూశాను. తడి నేల మీంచి ఆవిరి లేస్తోంది. మిరప నారు మళ్లో పెద్దమ్మ వంగి కలుపు తీస్తోంది. ఆమె మీద గొడుగు పట్టుకుని వెంకటప్పయ్య నిలబడ్డాడు. ఆమె ఒక అడుగు జరిగితే ఆయన ఒక అడుగు జరుగుతున్నాడు. ఆయనకు మాత్రం ఎండ తగులుతూనే ఉంది. బస్సులోని వాళ్లు తలలు బయట పెట్టి నవ్వారు. ఊరు కూడా రెండు రోజులు నవ్వింది. మూడో రోజు నుంచి మా దుకాణంలో వాన లేకుండానే గొడుగులు అమ్ముడుపోయాయి.

ఆ తర్వాత నేను అమ్మే ప్రతి డబ్బా మీదా బొమ్మ వేయడం అలవాటు చేసుకున్నాను. పొద్దున రాసుకునేదానికి సూర్యుడు, రాత్రి రాసుకునేదానికి నెలవంక. చదువురాని వాళ్లకు కూడా అర్థం కావాలని. కోడళ్లకు, అత్తలకు, ఎవరి ముందైనా సరే, పడుకునేటప్పుడు అని పైకే చెప్పాను. మా నాన్న కూడా కొన్నాళ్లకు ఆ మాట వినబడగానే దగ్గడం మానేశాడు.

ఆషాఢం చివర్లో భారతమ్మ పెద్దమ్మ దుకాణానికి వచ్చింది. ట్యూబు అయిపోయిందంది. నేను ఆమె ముఖం వెలుగులోకి తిప్పి చూశాను. మంగు పోలేదు గానీ అంచులు కరిగాయి, బుగ్గల మీద చిక్కదనం కొంచెం తగ్గింది. నా పాత పొగరు కాస్త తలెత్తింది. మందు పని చేస్తోందనీ, ఇంతకంటే గట్టిది ఒకటి కొత్తగా వచ్చిందని విన్నాననీ, అది తెప్పిస్తే సంక్రాంతి లోపలే మచ్చలన్నీ పోతాయనీ హుషారుగా చెప్పుకుపోయాను.

ఆమె నా మాట వింటున్నట్టు లేదు. అద్దంలోకి చూసుకుంటోంది. బుగ్గ మీద వేలితో రుద్దుకోలేదు, ఎండను తిట్టలేదు. మా నాన్న అవతల ఉన్నాడేమో చూసి, గల్లా మీదికి వంగి నా చెవి దగ్గర చెప్పింది. మందు రోజూ ఆయనే రాస్తున్నాడట. అద్దాలు పెట్టుకుని, దీపం దగ్గరికి జరిపి, ఒక్కో మచ్చ వెతికి, నారు పెట్టినంత నిదానంగా రాస్తాడట. రాసేటప్పుడు ఏ మచ్చ ఏ ఏడు వచ్చిందో చెప్పమంటాడట. ఇది కాలువ తెగిన ఏడు వచ్చింది, ఇది పురుగు పడ్డ ఏడు వచ్చింది అని ఆమె చెబుతుంటే వింటాడట. ఇంకా సగం ముఖం చెప్పాల్సి ఉందట.

చెప్పి, చిన్నపిల్లలా సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంత జల్దీ పోయేది నాకొద్దు బిడ్డా," అంది. "మెల్లగ పోయేది ఉంటే, గదే ఇయ్యి."

నేను పాత ట్యూబే తీసి, దాని మీద నెలవంక బొమ్మ వేసి ఇచ్చాను.